త్యాగమని అనకండి



2025 వేసవిలో మా బావగారు కాలం చేశారు. ఎనభయ్యవ ఏట, నిద్రలో, సొంత ఇంట్లో, మా అక్కయ్య మంచానికి పక్కనున్న మంచం మీద. పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసి, రెండు యుద్ధాలు చూసిన మనిషికి ఇంతకంటె అనాయాసమైన మరణం ఏముంటుందని బంధువులమందరమూ అనుకున్నాం. నా బాధ ఆ మరణానికి కాదు. పన్నెండవ రోజున ఊరంతా చేరి ఆయన జ్ఞాపకానికి ఒక అపచారం చేసింది. అపచారమనే మాట తెలిసే వాడుతున్నాను. ఆ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను కనుక ఈ టపా వ్రాయవలసి వచ్చింది. నిడివి కాస్త పెరుగుతుంది, మన్నించాలి.

పెద్దకర్మనాడు రామాలయం ముందు షామియానా వేశారు. దానికి ఎదురుగా పది అడుగుల ఫ్లెక్సీ. అందులో మా బావగారి తలను ఎవరిదో ఒక అధికారి యూనిఫారం మీద అతికించారు. భుజాల మీద నక్షత్రాలు, రొమ్మున ఆయనకు ఎన్నడూ రాని పతకాలు, వెనుక ఒక ట్యాంకు, పైన రెండు విమానాలు. ఆయన హవల్దారుగా విడుదలై వచ్చిన మనిషి. చేతిమీది ఆ మూడు పట్టీలను చివరిదాకా ఎంతో గౌరవంతో తలచుకొనేవారు. మనవాళ్లకు ఆ మూడు పట్టీలు చాలలేదు.

వక్తలు నలుగురు. మొదటి ముగ్గురూ ఒకే వాక్యాన్ని తిప్పి తిప్పి చెప్పారు: దేశం కోసం కుటుంబాన్నే త్యాగం చేసిన మహనీయుడని. నాలుగవవాణ్ణి నేను. ముప్ఫయ్యేడేళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి గదా, ఆ వాక్యానికే నాలుగు సమాసాలు తొడిగి, ఒక పద్యం చదివి, చప్పట్లు కొట్టించుకొని కూర్చున్నాను.

ఆ రాత్రి విస్తళ్లు ఎత్తి, చుట్టాలు సర్దుకున్న తర్వాత అక్కయ్య నన్ను పిలిచింది.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వు చదువుకున్నవాడివి. త్యాగం చెయ్యడమంటే వదిలేసుకోవడమేగా?"

అవునన్నాను.

"మరి మీ బావ మమ్మల్ని వదిలేశాడా? వదిలేస్తే ఈ నలభై నాలుగేళ్లూ ఈ ఇంట్లో నాతో ఉన్నదెవరురా?"

పండితుడనన్న బిరుదు మోస్తూ తిరిగిన నాకు ఆ ప్రశ్నకు సమాధానం దొరకలేదు. అప్పుడు దొరకనిది ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

త్యాగమన్నా దానమన్నా, ఇచ్చే వస్తువు ఇచ్చేవానిదై ఉండాలి. ఇది శాస్త్రం చదవనివారికీ తెలిసిన సంగతి. సభాపర్వంలో ద్రౌపది నిండుకొలువును నిలదీసింది కూడా ఈ ఒక్క విషయం మీదే: ముందుగా తన్ను తాను ఓడినవానికి నన్ను ఒడ్డే అధికారం ఎక్కడిది అని. భీష్మునంతటివాడు ఆ ప్రశ్నకు తడబడ్డాడు. భార్య, బిడ్డలు, ముసలితల్లి ఒక మగవాని సొత్తు అయితే తప్ప, అతడు వారిని త్యాగం చేయడం కుదరదు. మనం మాత్రం సంతాపసభల్లో మైకు దొరికినప్పుడల్లా ఎందరో సైనికుల చేత వారి కుటుంబాలను అలవోకగా త్యాగం చేయిస్తున్నాం. ఆ కుటుంబాలు ముందు వరుసలో కూర్చొని ఆ మాటే వింటూ ఉంటాయి.

జరిగినదేమిటో చెబుతాను. మాది పశ్చిమ గోదావరి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరమనే పిలుస్తారు. ప్రపంచయుద్ధాల కాలం నుంచీ సైన్యానికి మనుషులను పంపుతున్న ఊరది. ఆ గాలి మా ప్రాంతమంతటా ఉంది. బావగారు 1964లో, పందొమ్మిదేళ్ల వయస్సులో, బెంగుళూరు వెళ్లి మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో శాపరుగా చేరారు. 1780 నాటి ఆ పాత దళంలో తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. శాపర్లు వంతెనలు కడతారు, దారులు వేస్తారు, మందుపాతర్లు పాతుతారు, శత్రువు పాతిన వాటిని వెదకి తీస్తారు. 1965 యుద్ధంనాటికి ఆయన కొత్తవాడు. 1971 డిసెంబరులో పశ్చిమ సరిహద్దున బసంతర్ నది దగ్గర మన ట్యాంకులు దాటడానికి మందుపాతర్ల పొలంలో దారి చేసిన శాపర్లలో ఆయన ఒకరు. ఆ దారి పూర్తిగా శుభ్రపడకముందే ట్యాంకులు దాటవలసి వచ్చిందని చరిత్ర చెబుతుంది. ఆ రాత్రిని గురించి ఎంత అడిగినా ఆయన ఒక్క మాటే అనేవారు: "వెనక వచ్చేవాడి కాలు నా పూచీ."

1969లో మా అక్కయ్యతో వివాహం. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. 1981లో విడుదలై వచ్చేదాకా పన్నెండేళ్లు. ఏడాదికి రెండు నెలల సెలవు చొప్పున లెక్క వేయండి. పన్నెండేళ్ల కాపురంలో కలిసి ఉన్నది రెండేళ్లు. భార్యాబిడ్డలను తీసుకువెళ్లడానికి క్వార్టర్సు దొరికిన ఒకే ఒక్క ఏడాది ఆయన తల్లికి పక్షవాతం వచ్చింది. అక్కయ్య కదలలేకపోయింది. మిగతాదంతా ఇన్‌లాండు కవర్లు, మనియార్డర్లు, '56 ఎ.పి.ఓ.' అన్న ఊరూపేరూ లేని చిరునామా. ఆ చిరునామాకు వ్రాసే ఉత్తరాలలో ఎకరంన్నర కౌలు తగవు, పిల్లవాడి కోరింత దగ్గు, అత్తగారికి ప్రక్క మార్చడం, పాడిగేదె ఈనడం అన్నీ ఉండేవి. వాటిని చాలామట్టుకు వ్రాసిపెట్టినది బడిలో చదువుకుంటున్న నేనే. ఆ పన్నెండేళ్లు మా అక్కయ్యకు చేతనైన పని. దానిని ఆయన చేసిన త్యాగమనడం, ఒకరు మోసిన బరువుకు మరొకరికి కూలి చెల్లించడమే. ఆ సంగతి మొట్టమొదట ఒప్పుకున్నది ఆయనే.

ఇంటికి వచ్చిన కొత్తలో పదేళ్ల కొడుకు ఆయనను నాన్నా అని పిలవలేకపోయాడు. అమ్మతో మాట్లాడేటప్పుడు "ఆయన" అనేవాడు. కేక వేస్తే పక్కింటికి పోయేవాడు. ముప్ఫయ్యారేళ్ల మనిషి, పదిమందిని నడిపించిన హవల్దారు, ఆ పిల్లవాడి దగ్గర మళ్లీ రంగరూటు అయ్యాడు. జడ వేయడం నేర్చుకొని ఆదివారాలు కూతురికి జడలు వేసేవారు. బిగుతుగా, కొలిచినట్లు, పటాలంలో తాడు పేనినట్లు వచ్చేవి ఆ జడలు. పెరట్లో ఎక్కడైనా కొత్తగా మన్ను తిరగబడి కనిపిస్తే తాను ముందు తొక్కి చూసి గాని పిల్లలను ఆడనిచ్చేవారు కాదు. అది పందికొక్కు తవ్వినదైనా సరే. మేము నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవారు కాదు.

తర్వాత ఒక బ్యాంకులో సాయుధ కాపలాదారుగా అరవయ్యేళ్లు వచ్చేదాకా పనిచేశారు. తన పంటచేనుకంటె, తన పతకాలకంటె, తెల్లవారి నాలుగింటికి లేచి అక్కయ్యకు కాఫీ కలిపి ఇవ్వడాన్ని ఎక్కువగా పట్టించుకొనేవారు. "ఆ పన్నెండేళ్లూ నాలుగింటికి లేచింది తను" అనేవారు. అంతకుమించి వివరించేవారు కాదు.

ఇటువంటి మనిషిని తలచుకోవడానికి మనకు మాటలెందుకు లేవు? ఫ్లెక్సీ వేసినవాళ్లను తిట్టి ఊరుకుందామని మొదట అనుకున్నాను. తీరా చూస్తే దోషం వారికంటె పైన ఉంది. మన పాఠాలలో ఉంది. ఆ పాఠం చెప్పినవాళ్లలో నేనున్నాను.

ఖడ్గతిక్కన కథ మీకందరికీ తెలుసు. నెల్లూరు మనుమసిద్ధి కొలువులోని సేనాని. కాటమరాజుతో పుల్లరి తగవు ముదిరి యుద్ధమయింది. ఓడి ప్రాణాలతో ఇంటికి తిరిగివచ్చిన తిక్కనకు భార్య చానమ్మ స్నానాల దగ్గర మంచం చాటు కట్టి, పసుపుముద్ద పెట్టింది, ఆడదానికి పెట్టినట్లు. తల్లి విరిగిన పాలు వడ్డించి ఎత్తిపొడిచింది. ఆ మాటలు పడలేక అతడు మళ్లీ వెళ్లి పోరాడి మరణించాడు. ఆ చాటుపద్యాలను నేను ఏటేటా రాగయుక్తంగా చదివి, వీరపత్ని, వీరమాత అని పిల్లల చేత వ్రాయించాను. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న.

1984లో మా మేనల్లుడు నా దగ్గరే ఉండి నేను పనిచేసే బడిలోనే చదివేవాడు. ఆ పాఠమయిన రోజు సాయంత్రం ఇంటికి నడుస్తూ అడిగాడు: "మావయ్యా, మా నాన్న కూడా తిరిగొచ్చేశాడుగా. మరి అమ్మ పసుపుముద్ద ఎందుకు పెట్టలేదు?"

వెధవ ప్రశ్నలని కసిరాను. ఆ పిల్లవాడు అప్పటికి మూడేళ్లుగా తండ్రికి దగ్గర కావడానికి అవస్థ పడుతున్నాడు. నేను పాఠంలో చెప్పినదానికి వాడికి బోధపడిన అర్థం ఒకటే: యుద్ధం నుంచి బ్రతికివచ్చినవాడు సిగ్గుపడవలసినవాడని. వాడు సరిగానే అర్థం చేసుకున్నాడు. ఆ కథ చెబుతున్నది అదే. నలభయ్యేళ్లు పట్టింది నాకు, నా విద్యార్థికి తెలిసినది తెలుసుకోవడానికి.

చిత్రమేమిటంటే, ఆ ఖడ్గతిక్కనకు బంధువైన కవితిక్కన, మహాభారతంలో విరాటపర్వం మొదలు చివరిదాకా తెలుగు చేసిన మహానుభావుడు, స్త్రీపర్వాన్నీ తెలుగు చేశాడు. కురుక్షేత్రంలో పీనుగుల మధ్య భర్తలను, కొడుకులను వెదకుతూ తిరిగిన స్త్రీలు ఆ పర్వం నిండా ఉన్నారు. విరిగిన పాలు పోసే తల్లి అందులో కనబడదు. గాంధారి నూరుగురు కొడుకుల కోసం ఏడ్చి, సాక్షాత్తూ కృష్ణుణ్ణే శపించింది. ఒకే కుటుంబం నుంచి మనకు రెండు జ్ఞాపకాలు దక్కాయి. పిల్లలకు నోటికి వచ్చేలా నేర్పడానికి మనం ఏరుకున్నది పసుపుముద్దను. స్త్రీపర్వం పండితుల అలమారలో ఉండిపోయింది.

దీనివల్ల నష్టమేమిటి, మాటలే గదా అని ఎవరైనా అనవచ్చు. నష్టముంది. చావడమే సైనికుని ధర్మమని నమ్మిన సమాజానికి, బ్రతికివచ్చినవానికి తాను బాకీపడి ఉన్నానన్న స్పృహ కలగదు. ఒకే హోదాలో, ఒకే కాలం పనిచేసి, వేర్వేరు సంవత్సరాలలో విడుదలైనందుకు వేర్వేరు పింఛన్లు తీసుకుంటున్న మాజీ సైనికులు 'ఒకే ర్యాంకు, ఒకే పింఛను' అడుగుతూ 2015 జూన్ నుంచి ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నారు. ఆగస్టు 14న, స్వాతంత్ర్య దినోత్సవానికి ముందురోజు, ఆ వృద్ధులను పోలీసులు అక్కడి నుంచి లాగివేయబోయారు. పతకాలు పెట్టుకున్న చొక్కాలు చిరిగాయి. సెప్టెంబరు 5న ప్రభుత్వం పథకాన్ని ప్రకటించి, 2014 జూలై 1 నుంచి వర్తింపజేసింది. అంతవరకు ఎన్ని ఫ్లెక్సీలు లేచాయో, ఎన్ని జోహార్లు పలికామో గుర్తు తెచ్చుకోండి. చనిపోయినవానికి జోహారు అనడానికి ఖర్చు లేదు. తిరిగివచ్చినవానికి నెలనెలా ఇవ్వాలి.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో సేవాకాలం నాలుగేళ్లు. ఆ తర్వాత గరిష్ఠంగా నూటికి ఇరవైఅయిదుగురిని కొనసాగించి, మిగిలినవారిని ఒక మొత్తం ఇచ్చి, పింఛను లేకుండా ఇంటికి పంపాలన్నది ప్రకటించిననాటి నిబంధన. సైన్యానికి యువరక్తం కావాలన్న వాదాన్ని నేను తోసిపుచ్చను. యుద్ధవిద్య నాకు తెలియదు. కాని మా బావగారికి కొడుకు చేత నాన్నా అనిపించుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ ఆ ఇంటిని నిలబెట్టినది పదిహేనేళ్లు నిండినందువల్ల వచ్చిన ఆ చిన్న పింఛను. తిరిగిరావడమన్నది రైలు దిగడంతో పూర్తయ్యే పని కాదు. ఆ సంగతి లెక్కలు కట్టేవారికి తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. మనమెవరమూ వారికి చెప్పలేదు. మన కథల్లో సైనికుడు తిరిగిరాడు గదా!

ఒక ఆక్షేపణ ఊహించగలను. అయితే ప్రాణాలిచ్చినవారు తక్కువా అని. ఎంతమాట! సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మరణించారు. మహావీరచక్ర ఆయనకు మరణానంతరం వచ్చింది. భార్య, ఇద్దరు చిన్నబిడ్డలు మిగిలారు. ఆయన ప్రాణాన్ని ఇచ్చారు, అది ఆయనది. ఆ బిడ్డలకు తండ్రి లేకపోవడం మాత్రం వారికి జరిగిన నష్టం. దానిని కూడా ఆయన ఖాతాలో పుణ్యంగా జమకట్టి, వారి దుఃఖాన్ని మన గర్వానికి అలంకారం చేసుకోవద్దని మాత్రమే నా మనవి. అమరులకు మొక్కడానికి తిరిగివచ్చినవారిని చిన్నబుచ్చనక్కరలేదు.

ఇక చివరి సంగతి. పెద్దకర్మ మర్నాడు బావగారి నల్లట్రంకుపెట్టె తెరిచాం. పైన ఒక అట్టఫైలు. దానిమీద ఆయన గుండ్రని అక్షరాలతో 'నేను పోయాక చేయవలసినవి' అని ఉంది. లోపల ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు వేసి వ్రాసిపెట్టారు. డిశ్చార్జి పుస్తకం ఎక్కడుంది, పింఛను ఉత్తర్వు ఎక్కడుంది, మరణ ధ్రువపత్రం ఎన్ని ప్రతులు తీసుకోవాలి, బ్యాంకులో ఏ కాగితం ఇవ్వాలి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఏ బస్సెక్కి పోవాలి, అన్నీ.

నాలుగవ అంకె దగ్గర నాకు కళ్లు చెమర్చాయి. దూరాన ఉన్న ఒక కార్యాలయపు పుస్తకంలో ఎవరో గుమస్తా ఏనాడో మా అక్కయ్య పేరు తప్పుగా వ్రాశాడు. పుట్టిన తేదీ కూడా వేరే పడింది. ఆ తప్పు అలాగే ఉంటే ఆయన పోయాక ఆమెకు కుటుంబ పింఛను రావడానికి ఏళ్లు పట్టేది. ఆయన అరవయ్యారవ ఏట అది గమనించి, రెండేళ్లపాటు ఉత్తరాల మీద ఉత్తరాలు వ్రాసి, అఫిడవిట్లు చేయించి, రెండుసార్లు స్వయంగా వెళ్లివచ్చి, ఆ పేరు దిద్దించారు. అక్కయ్యకు ఆ సంగతే తెలియదు. ఆమె వెనక నుంచి నడిచివచ్చే దారిలో ఒక మందుపాతర ఉందని కనిపెట్టి, తాను ఉండగానే తీసివేశారు. తొమ్మిదవ అంకె: 'రాత్రి పడుకునే ముందు గ్యాసు కట్టెయ్యి. నువ్వు మరిచిపోతావు.'

ఈ మనిషి కుటుంబాన్ని త్యాగం చేశాడని నేను మైకులో చెప్పాను!

ఆ కాగితం అక్కయ్యకు చదివి వినిపించి, నిన్న నేనన్న మాట తప్పని ఒప్పుకున్నాను. ఆమె ఫైలు తీసుకొని మళ్లీ పెట్టెలో పెట్టింది. కుటుంబ పింఛను మూడవ నెలలో వచ్చింది. ఫ్లెక్సీని మా మేనల్లుడు విప్పి, వానలు మొదలయ్యాక పెరట్లోని పుల్లలమోపు మీద కప్పాడు. వాడికిప్పుడు యాభై దాటాయి. పసుపుముద్ద ప్రశ్న గుర్తుందా అని అడిగాను. గుర్తుందన్నాడు. అప్పుడు చెప్పవలసిన జవాబు ఇప్పుడు చెప్పాను: మీ అమ్మ వీరపత్ని కనుకనే పెట్టలేదురా అని.

జనవరి 14 మాజీ సైనికుల దినం. 1953లో ఆ రోజున జనరల్ కరియప్ప పదవీవిరమణ చేశారు. మనకు ఆ తేదీన చాలా ఏళ్లు భోగిపండుగ వస్తుంది. పిల్లలకు భోగిపళ్లు పోసే హడావిడిలో ఎవరికీ గుర్తుండదు. మీ వీధిలో విడుదలై వచ్చిన సైనికుడు ఎవరైనా ఉంటే, ఈసారి ఆయన దగ్గరకు వెళ్లి కూర్చోండి. ఎంతమందిని చంపారని అడగకండి. ఇంటికి వచ్చిన కొత్తలో ఎలా ఉండేదని అడగండి. ఆయన భార్య అక్కడే ఉంటే ఆమెనే ముందు అడగండి.

ఒప్పుకోని మిత్రులు నిరభ్యంతరంగా ఖండించవచ్చు. నా వాదంలో తప్పుంటే దిద్దుకుంటాను. వేదిక మీద అన్న ఆ ఒక్క మాటను మాత్రం ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను.